అంచు నెత్తికెక్కిన గొంగడి

టీవీలో నేరాలు పట్టుకునే వాళ్లందరికీ తలా ఒక బట్ట పిచ్చి ఉంటుంది. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని కాబట్టి ఆ సీరియళ్లలో హంతకుడెవరన్నది తర్వాత, ముందు ఎవరి ఒంటి మీద ఏముందో చూస్తాను. ఒకాయన రోహిణి కార్తెలో కూడా మోకాళ్ల కిందికి దిగిన కోటు విప్పడు. ఇంకొకాయనకు మెడలో ఎర్ర మఫ్లరు లేకపోతే ఆలోచనే రాదు. ఒకామె శవం దగ్గరికి పోయినా పెళ్లికి పోయినా అదే నీలం చీర. మూడేళ్లలో ఆ చీరకు ఒక్క మరక పడలేదు, ఆ ఇంట్లో ఉతికే తల్లికి దండం పెట్టాలి.

వీళ్లందరినీ తలదన్నినవాడు పరంజ్యోతి. 'పరంజ్యోతి పరిశోధన' అనే సీరియల్లో డిటెక్టివు. ఆయనకు కోటు లేదు, టోపీ లేదు, నల్ల గొంగడి ఒక్కటే. వాన పడితే మా గొర్లకాపరులు చేసినట్టే దాన్ని కొప్పెరగా, అంటే కోసు టోపీలా మడిచి నెత్తి మీద నుంచి వేసుకుంటాడు. గొంగడి అంచుకు ఉండే మూడు తెల్ల చారలు సరిగ్గా ఆయన నొసటి మీదికి వస్తాయి. అనుమానం తగిలిందంటే రెండు వేళ్లతో ఆ అంచు పట్టి కాస్త ముందుకు లాగుతాడు. వెనక డప్పు మోగుతుంది, ఆ కేసులో దొంగ పని ఖతం. ఆ మూడు చారలు విభూతి రేఖలని కొందరు, మూడో కన్నుకు గుర్తని కొందరు యూట్యూబులో గంటలకొద్దీ వాదించుకున్నారు.

కోదాడ బస్టాండు వెనక నేనూ ఎస్తేరూ కలిసి కుట్టు దుకాణం నడుపుతాం. బడి పిల్లల వేషాల పోటీలు వస్తే మాకు పండగే. కృష్ణుడూ అల్లూరీ వెనకబడిపోయారు, అందరికీ పరంజ్యోతి వేషమే కావాలి. నల్ల దుప్పటి గుడ్డ, దాని మీద మూడు తెల్ల రిబ్బన్లు. ఆ వేషంలో పిల్లలు ఎండకు ఉడికిపోతారు గానీ కొప్పెర తియ్యమంటే తియ్యరు.

అంత పేరున్న గొంగడిని పట్టుకుని "అది నాదే" అన్నది మా అత్తమ్మ.

మా అత్తమ్మ పేరు కొమురమ్మ. పాలకీడు దగ్గర పల్లె. ఇంట్లో ఎనభై గొర్రెలున్నాయి. మా మామ అంజయ్య గుంట మగ్గం మీద గొంగళ్లు నేసే మనిషి, చూపు తగ్గాక అడపాదడపా నేస్తున్నాడు. మామ నేతకూ అత్తమ్మ మాటకూ మా దిక్కున ఎదురు లేదు. మాటంటే గయ్యాళితనం అనుకునేరు, అది కూడా ఉంది గానీ నేను చెప్పేది వేరే. వానాకాలం మందలు కలిసిపోతే ఏ గొర్రె ఎవరిదో చెవి కోత చూసి తేలుస్తారు. చెవి చిరిగి కోత తెలియని చోట మా అత్తమ్మను పిలుస్తారు. ఆమె పళ్లు చూసి, ఊలు విప్పి చూసి ఫలానా వాళ్లదంటుంది. దాని మీద ఇంకో మాట ఉండదు. తన మందలో తిరుగుతున్న గొర్రెను కూడా "నాది కాదు" అని తానే తోలి అప్పజెప్పిన మనిషి మరి.

ఆమె చెప్పేది ఇదీ. మూడేళ్ల కింద శ్రావణమాసంలో మఠంపల్లి అవతల కృష్ణ ఒడ్డున గొర్రెలు మేపుతుంటే షూటింగు వాళ్లు వచ్చారట. వాన దంచికొట్టింది. పొడుగు కోటు వేసుకున్న హీరో నిలువునా తడిసి, జ్వరంతో గజగజ వణుకుతూ ఒక బండ కిందికి వచ్చి కూలబడ్డాడు. అదే బండ కింద ఈమె ఉంది. నీళ్లు తాగి మణుగు బరువైన ఆ కోటు ఊడబీకి అవతల పారేసి, తన గొంగడి అతని నెత్తి మీద నుంచి కప్పింది. వెనకనే వాళ్ల మనుషులు వచ్చి అతన్ని గొంగడితో సహా కారెక్కించుకుని పోయారు. పేరు అడిగినవాడు లేడు. ఆరు నెలలకు టీవీలో ఆ గొంగడే కనిపించింది.

కథ బాగానే ఉంది. నమ్మడానికి ఒక్కటే అడ్డం. అది మా ఇంట్లోనే, మా మామ నోట్లోనే ఉంది.

"మూడు సారల అంచు ఎప్పుడన్న నెత్తి మీదికి వస్తదానే?" అనేవాడు ఆయన. "అంచు కాళ్ల దిక్కు, ఉత్త కొస నెత్తికి. మనిండ్లల్ల పాలు తాగే పోరనికి గూడ ఎరికె. నా పెండ్లానివై, నలబై ఏండ్ల సంది గొంగడి కప్పుతున్నదానివై అంచు నెత్తికి పెడ్తవా? వానికి కప్పినోళ్లెవరో గొంగడి ఎరగనోళ్లు. నువ్వు బస్సుల మర్సిపోయొచ్చి గీ కత అల్లినవ్."

అప్పుడు మా అత్తమ్మ జవాబు చెప్పాలి కదా? చెప్పదు. ఎవరికైనా మాటతోనే మూడు చెరువుల నీళ్లు తాగించే మనిషి, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కొంగు దులుపుకుని గొర్రెల దొడ్డి వైపు వెళ్లిపోయేది. "అంచు ఎందుకు తిరగేసినవ్ అత్తమ్మా?" అని నేనూ రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ వంట గురించి మాట్లాడింది. నేను దొంగను పట్టేసినట్టు లోలోపల నవ్వుకున్నాను. ఒప్పుకోవాలి, నేనామెను నమ్మలేదు.

ఇంట్లో నమ్మకపోతే పోయింది. మొన్న వానల్లో మా మందా తిరుపతి మందా కలిసిపోయాయి. తిరుపతి మా పక్కింటాయన, మామకు వరసకు తమ్ముడు. విడదీస్తే మావాళ్ల ఈనిన గొర్రె ఒకటి అతని దొడ్లో ఉండిపోయింది. చెవి కంపకు చిరిగి కోత పోయింది. అత్తమ్మ పోయి "అది నాది తిరుపతీ" అన్నది. ఆదివారం, నేనక్కడే ఉన్నాను. పదిమంది ముందు తిరుపతి పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు.

"టీవీల గొంగడి గూడ నీదే అంటివి గద వదినా! గీ గొర్రె గూడ నీదేనా? రేపు నా ఇల్లు గూడ నీదే అంటవేమో, జర సెప్పు, సామాను సర్దుకుంట."

అందరూ నవ్వారు. నాకూ పెదవి చివర నవ్వు వచ్చింది, దాచుకోలేకపోయాను. అత్తమ్మ నన్ను చూసింది. తిరిగి వచ్చి, పాలు కుడిచే పిల్లను ఒళ్లో పెట్టుకుని దొడ్లో కూర్చుంది. తల్లి అవతలి దొడ్లో అరుస్తోంది, పిల్ల ఇవతల అరుస్తోంది. ఆమె ఏడవడం నేనెన్నడూ చూడలేదు, ఆ రోజు చూశాను. గొర్రె కోసం కాదు. నలభై ఏళ్లు కూడబెట్టుకున్న మాట పోయినందుకు.

మరుసటి వారం దుకాణంలో ఎస్తేరు ఫోను నా మొహం మీదికి తెచ్చింది. "వదినా, ఇది చూశావా? మూడు వందల ఎపిసోడ్లయ్యాయంట. ఆదివారం సూర్యాపేటలో ఫంక్షన్ హాల్లో సభ. పరంజ్యోతికి గొంగడి ఇచ్చిన అవ్వ ఎక్కడున్నా రావాలని పిలుస్తున్నారు. ఆమె పేరు సీరియల్లో వేస్తారంట. మీ అత్తగారిని తీసుకెళ్లు."

"ఊళ్లో నవ్వులపాలైంది సాలదా? జిల్లా మొత్తం నవ్వాల్నా?" అన్నాను.

ఎస్తేరు మిషను ఆపింది. "అబద్ధమైతే ఆవిడే రానంటుంది. నీదేం పోయింది, అడిగి చూడు."

అడిగాను. ఫోనులో గొర్రెల మెడ గంటలు వినబడ్డాయి. తర్వాత "బస్సు ఎన్నింటికి బిడ్డా?" అన్నది. ఇంకో మాట కూడా అన్నది. "మీ మామను మాత్రం తేవద్దు."

ఆ మాట ఆగుతుందా? పరంజ్యోతి వస్తున్నాడంటే ఊరు ఊరే కదిలింది. మేమిద్దరం బస్సులో పోతే, మా మామ, తిరుపతి, ఇంకో పాతికమంది డీసీఎం బండి మాట్లాడుకుని మా కంటే ముందే హాల్లో మూడో వరసలో కూర్చున్నారు. మామను చూడగానే అత్తమ్మ అడుగు తడబడింది. నేను చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాను.

వేదిక మీద చూద్దును కదా, పదకొండు మంది ముసలమ్మలు! ఒక్కొక్కరి వెనక ఒక కొడుకో మనవడో. అందరూ గొంగడి ఇచ్చినవాళ్లే. అందరిలో ముందు కుర్చీ మిర్యాలగూడ నుంచి వచ్చిన జితేందర్ మేనత్తది. జితేందర్‌కు అక్కడ పెద్ద బట్టల దుకాణం ఉంది. అద్దాల అరలో 'పరంజ్యోతి గొంగడి' అని పెట్టి అమ్ముతాడు. పాపం ఆ మేనత్త పట్టుచీరలో చెమటలు కక్కుతూ, ఎవరో నేర్పిన పాఠం పెదాలతో వల్లె వేసుకుంటోంది. మా అత్తమ్మ పన్నెండోది, అన్నిటికంటే చివరి కుర్చీ.

పరంజ్యోతి వేసే రవీందర్ వచ్చాడు. గొంగడి లేకుండా ప్యాంటూ చొక్కాలో వస్తే సగంమంది గుర్తుపట్టలేదు. అతను మైకు తీసుకుని అన్నాడు: "ఆ రోజు నాకు ఒళ్లు తెలియని జ్వరం. అవ్వ మొహం కూడా సరిగ్గా చూడలేదు. నాకు గుర్తున్నవి మూడే. గరుకు చేతులు, గొర్రె వాసన, పొగ వాసన. ఆ గొంగడి లేకపోతే ఆ రోజు నేనేమయ్యేవాణ్నో! ఆ చేతులకు దండం పెట్టుకోవాలని మూడేళ్లుగా వెతుకుతున్నా."

తర్వాత లేచినాయన కాశీరాం, సీరియల్లో అందరి దుస్తులూ చూసే మాస్టరు. తెల్లగడ్డం, మెడలో టేపు. బట్టల మనిషిని చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆయన పక్కన తాళం వేసిన ఇనుప పెట్టె ఉంది.

"అసలు గొంగడి ఇందులో ఉంది" అన్నాడు. "టీవీలో మీరు చూసేవి దాన్ని చూసి మేము చేయించుకున్నవి. ఎలా కప్పుకోవాలో అందరూ టీవీలో చూసే ఉంటారు, అది అడగను. ఒక్కటే ప్రశ్న. గొర్లకాపరులు గొంగడి అంచు కాళ్ల వైపు వేసుకుంటారని నాకు తర్వాత తెలిసింది. మరి ఆ రోజు అవ్వ అంచును నెత్తి మీదికి ఎందుకు తెచ్చింది?"

మూడేళ్లుగా మా ఇంట్లో జవాబు లేని ప్రశ్న అదే.

యాంకరు అశ్విని మైకు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. ఒకామె టీవీలో బాగా కనబడుతుందని అన్నది. ఒకామె తొందరలో చూసుకోలేదన్నది. ఒకామె దేవుడు చేయించాడన్నది. జితేందర్ మేనత్త నోరు తెరిచేలోపు జితేందరే మైకు లాక్కున్నాడు. "మూడు సారలంటే ముక్కంటి గుర్తు సార్! దొంగల్ని పట్టేటోనికి మూడో కన్ను కావాలని మా అత్తకు అప్పుడే తోచింది!" హాలు చప్పట్లతో మోగిపోయింది. కాశీరాం తల ఊపలేదు, అడ్డంగా తిప్పలేదు. అట్లాగే నిలబడ్డాడు.

చివరకు మైకు మా అత్తమ్మ ముందుకు వచ్చింది.

ఆమె కళ్లు మూడో వరసలో మా మామ మీద నిలిచాయి. వెనక ఎవరో ఈల వేశారు. "గొర్రెనడుగు వదినా, అదన్న సెప్తది!" అని తిరుపతి గొంతు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. అబద్ధమాడిన మనిషిని నేనే తెచ్చి వేదికెక్కించాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అత్తమ్మ లేచి నిలబడింది. మైకు తానే తీసుకుంది.

"అంచు నెత్తికి పెట్టొద్దని నాకు ఎర్కలేక కాదు సారూ" అన్నది. "అవతలి కొసకు బొక్క ఉన్నది. అరసెయ్యంత. గా కొస నెత్తికి పెడ్తే వాన నీళ్లన్ని సక్కగ పిలగాని మాడు మీదనే పడ్తయ్. జొరమొచ్చినోడు. అందుకే తిరగేసిన."

కాశీరాం రెండడుగులు ముందుకు వచ్చాడు. "బొక్క ఎట్లా పడింది అవ్వా?"

ఆమె మళ్లీ మామ వైపు చూసింది.

"సుట్టతోని."

ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"దగ్గు ఎక్కువైందని దవాఖాన్ల డాక్టరు సుట్ట బందు జెయ్యమన్నడు. గాడ కూసున్నడు సూడుండ్రి, మా ముసలాయన. ఆయన నెత్తి మీద సెయ్యి వెట్టి ఇగ ముట్టనని ఒట్టేసిన. ఆర్నెల్లు గూడ ఆగలే. గొర్ల ఎంట పోయినప్పుడు తాగేదాన్ని. ఓనాడు కునుకు పట్టింది, సుట్ట జారి గొంగడి గాలింది. నల్ల ఊలు మగ్గం కాడ ఆయన సేతుల ఉంటది, అడిగితే ఎందుకంటడు. అందుకని తెల్ల ఊలుతోని అల్లి బొక్క మూసిన. మూసిన గని నీళ్లు ఆగవు. గీ సంగతి సెప్తే నా ఒట్టు బైటపడ్తదని మూడేండ్ల సంది నోరు మూసుకున్న. నా బతుకుల నేనాడిన అబద్ధం గదొక్కటే సారూ. గొంగడి మాత్రం అబద్ధం కాదు."

కాశీరాం వంగి పెట్టె తాళం తీశాడు. నల్ల గొంగడి రెండు చేతులతో ఎత్తి, అంచు లేని కొస పట్టుకుని హాలంతటికీ కనబడేట్టు విప్పాడు. నల్లటి ఊలు మధ్యలో అరచెయ్యంత తెల్లటి రఫూ. అడ్డదిడ్డంగా, చేతికి వచ్చినట్టు, దొంగచాటుగా కుట్టినట్టే ఉంది. దాని చుట్టూ కాలిన మచ్చ ఇంకా పోలేదు.

"మూడేళ్లుగా ఇది నేను ఎవరికీ చూపించలేదు" అన్నాడు కాశీరాం. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

ఆ హాలు పైకప్పు ఎట్లా నిలిచిందో నాకు తెలియదు. ఈలలు, చప్పట్లు, కుర్చీలెక్కి అరుపులు. నేనూ అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. రవీందర్ పరుగున వచ్చి మా అత్తమ్మ ముందు నేల మీద కూర్చుని తల వంచాడు. ఆమె గొంగడి తీసుకుని, అంచు నెత్తికి వచ్చేట్టు మడిచి, కొప్పెర చేసి అతని మీద కప్పింది. అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకున్నాడు. "ఇవే చేతులు" అన్నాడు. జితేందర్ ఎటు పోయాడో కనబడలేదు. అతని మేనత్త మాత్రం పోలేదు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.

అంత గోలలోనూ మూడో వరస నుంచి మా మామ కేక వినబడింది. "కొమురీ! సుట్ట మానలేదానే నువ్వు!"

అత్తమ్మ మైకు వదల్లేదు. "మానేసిన!"

"ఎప్పటి సంది?"

"గీ నిమిషం సంది!"

హాలు నవ్వుతో ఊగిపోయింది. మామ చేతికర్ర పొడుచుకుంటూ వేదిక మీదికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన రవీందర్ భుజం మీది గొంగడిని వేళ్లతో తడిమి, పోగులు నిమిరి, మొహం దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూపు పోతున్నా వేళ్లు పోలేదు. "నా నేతనే" అన్నాడు మైకులో. కాస్త ఆగి, "రఫూ మాత్రం నాశనం చేసింది" అన్నాడు. అని భార్య పక్కనే నిలబడిపోయాడు.

అశ్విని చివరగా అడిగింది. "అవ్వా, ఇప్పుడు సంగతి తెలిసింది కదా. ఇకనుంచి పరంజ్యోతి గొంగడి సరిగ్గా, అంచు కిందికి వచ్చేట్టు వేసుకోమంటారా?"

"ఒద్దు బిడ్డా" అన్నది అత్తమ్మ. "బొక్క నెత్తి మీదికొస్తది."

కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆమెను ఆపాను. "నేను నిన్ను నమ్మలేదు అత్తమ్మా. ఆ రోజు నవ్విన గూడ" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"అంచు నెత్తికి పెట్టినదాన్ని నేనైనా నమ్మకపోదును బిడ్డా" అని నా ముక్కు తన కొంగుతో తుడిచింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా అత్తమ్మ రచ్చ గెలిచి ఇంటికి వచ్చింది. మూడు వందల ఒకటో ఎపిసోడు మొదట్లోనే 'గొంగడి: కొమురమ్మ, నేత: అంజయ్య' అని పడింది. ఆ పేర్లు వచ్చినప్పుడల్లా ఎస్తేరు దుకాణంలో మిషను ఆపి చప్పట్లు కొడుతుంది. మేము కుట్టే పిల్లల గొంగళ్లకు కూడా ఇప్పుడు అవతలి కొసన అరచెయ్యంత తెల్లటి రఫూ వేస్తున్నాం. లేకపోతే నకిలీదని తల్లులు కొనడం లేదు.

అయితే అత్తమ్మకు అసలు గెలుపు అదేమీ కాదు. సభ అయ్యాక నేనూ ఆ రాత్రికి పల్లెలోనే ఉండిపోయాను, మరునాడు పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే తిరుపతి వచ్చాడు. నవ్వు లేదు, తల వంచుకుని ఉన్నాడు. మా గొర్రెను తోలుకొచ్చాడు. అది వాకిట్లోకి వచ్చీ రాగానే దాని పిల్ల దొడ్డి కంప దూకి, పొదుగు కింద మోకాళ్ల మీద పడింది. తిరుపతి వెంట ఇంకో గొర్రె కూడా ఉంది, దానికీ చెవి చిరిగే ఉంది.

"వదినా, గిది గూడ నీ మందలదేనేమో అని అనుమానం. జర సూడు."

అత్తమ్మ దాని పళ్లు చూసింది. వీపు మీద ఊలు విప్పి వేలితో నిమిరింది. పోయిన మాట ఆమెకు మళ్లీ దొరికింది, అందుకే తొందరపడలేదు.

"ఇది నాది కాదు తిరుపతీ. నీదే, తోల్కపో."

"గుర్తేంది?" అని నేనే నోరు జారాను.

తిరుపతి నా వైపు కోపంగా చూశాడు. "వదిన అన్నది గద. ఇగ గుర్తెందుకు?" అని గొర్రెను తోలుకుని పోయాడు.